మామ్మగారి పోటుపెట్టె

మామ్మగారి కోడలు పోయిన వారం నా షాపుకి ఒక క్యారీబ్యాగు తెచ్చారు. అందులో పగిలిన టార్చిలైటు, వెనక మూత లేని పాత ఫోను, వాటి కింద తువ్వాలులో చుట్టిన ఆ పెట్టె ఉన్నాయి.

"ఆవిడ సామాన్లండి. ఏవన్నా పనికొస్తాయేమో చూడండి. ఈ పెట్టయితే ఆవిడ పోకముందునించే పలకట్లేదండి. ఎప్పుడు నొక్కినా ఏదో తప్పంటంది" అన్నారు.

నేను "ఆయ్" అన్నాను. మా వైపు ఎవరేం చెప్పినా ముందు వచ్చే మాట అదే. ఒప్పుకున్నామనీ కాదు, ఒప్పుకోలేదనీ కాదు. ఎదుటివాళ్ళ మాట కింద పడకుండా పట్టుకోవడం, అంతే. ఆ ఒక్క మాట ఎంత పని చేస్తుందో మామ్మగారి దగ్గర తెలుసుకున్నాను. తెలుసుకుని కూడా మళ్ళీ అదే అన్నాను.

తువ్వాలు విప్పాను. పెట్టె పిల్లల పలకలో సగం ఉంటుంది. పైన చిన్న తెర, కింద వక్కపలుకులంత మీటలు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి ఉంది. ఛార్జింగుకి పెట్టి దాని ఎదురుగా కూర్చున్నాను. జిరాక్సులకి వచ్చిన ఇద్దర్ని తర్వాత రమ్మన్నాను. ఆవిడ పెద్దకర్మకి వెళ్ళి భోంచేసి వచ్చి నెల దాటింది. ఆవిడ నామీద కోపంతోనే పోయారా అన్న ప్రశ్న మాత్రం ఇంకా ముల్లులా గుచ్చుతూనే ఉంది.

నాది ఉప్పలగుప్తంలో జిరాక్సు, నెట్టు షాపు. ఫోన్లు బాగుచేస్తాను, దరఖాస్తులు పెడతాను. కంప్యూటరు గురించి నాకు తెలియంది ఈ మండలంలో ఎవరికీ తెలియదని నా నమ్మకం. అలాంటి నా దగ్గరికి రెండేళ్ళ కిందట ఒక ముసలావిడ గొడుగు వేసుకుని వచ్చి, గుమ్మం ముందు కాలవలో ఒక గడ్డిపరక పడేసి, అది ఎటు పోతుందో చూసి, అప్పుడు లోపలికొచ్చారు. అది మురుక్కాలవ. అందులో సముద్రం నీరెక్కే పోటూ లేదు, దిగే పాటూ లేదు. అయినా ఆవిడకి ఏ నీళ్ళు కనపడ్డా పరక వెయ్యడం అలవాటు.

ఆవిడ గురించి విని ఉన్నాను. ఉప్పుటేటి గట్టున రొయ్యల చెరువులవాళ్ళంతా సముద్రం పోటు మీద వచ్చే నీళ్ళకి తూములు ఎత్తుతారు. పోటు ఎప్పుడొస్తుందో ఆవిణ్ణి అడిగి ఎత్తుతారు. ఆవిడ వేళ్ళు కూడా ముడవకుండా చెప్పేవారట.

"చేతిలో పట్టే కంప్యూటరండి. పాతకాలంది. మీటలుండాలి. పచ్చక్షరాలు రావాలి. తెప్పించండి" అన్నారు, నిలబడే.

"ఫోనులోనే పోటు వేళలు చూపించేది ఉందండీ మామ్మగారూ" అన్నాను.

"అది కాకినాడ రేవు లెక్కండి. మన ఏట్లోకి నీరెక్కేసరికి అరగంట పడద్ది. పైగా తడిచేత్తో రాస్తే ఆ ఫోను పలకదు. నాకు నా లెక్క కావాలండి. నా లెక్క అందులో ఉండాలండి."

ఆ కోరిక ఎక్కణ్ణించి పుట్టిందంటే, ఆవిడ వయసులో ఉండగా ఏటి మీద వంతెన సర్వేకి వచ్చిన ఇంజనీరు ఒకాయన వానకి వీళ్ళ అరుగెక్కాడట. ఆయన జేబులో అలాంటి పెట్టె ఉందట. పోటు ఎప్పుడని ఈవిణ్ణి అడిగి, పెట్టెనీ అడిగి, "మీరూ ఇదీ ఒకటే చెప్పేరండి" అన్నాడట. చదివింది అయిదో తరగతి. ఆ మాటే ఆవిడ సర్టిఫికెట్టు. ఎన్నిసార్లు చెప్పినా ఇంజనీరు గొంతుతోనే చెప్పేవారు.

"మీకు నోటికొచ్చిన లెక్కకి పెట్టె ఎందుకండీ?" అని అడిగాను.

"నోటికొచ్చినవే ముందు పోతాయండి" అన్నారు.

ఏదో సామెత అనుకున్నాను. ఆవిడ మొహం చూడలేదు.

వెతగ్గా వెతగ్గా పాత నమూనాలో కొత్తగా చేసినది ఒకటి దొరికింది. ముక్కలుగా వచ్చింది. పలక వేరు, తెర వేరు, మీటలు వేరు. వివరాల కాగితం మీద బొమ్మలున్నాయి, మాటల్లేవు. "అరగంటలో బిగించేస్తానండి, కూర్చోండి" అన్నాను. మూడు రోజులు పట్టింది. మొదటిరోజు తెర తీగ తిరగేసి పెట్టాను, ఏమీ రాలేదు. రెండోరోజు తెర తెల్లగా వెలిగి ఊరుకుంది. మెమరీ కార్డులో ఒక ఫైలు వెయ్యాలని మూడోరోజుకి గాని నాకు తెలియలేదు. మండలానికంతటికీ ఒక్కణ్ణే తెలివైనవాణ్ణి కదా. ఆవిడ మాత్రం రోజూ వచ్చి స్టూలు మీద కూర్చుని, "కొత్త చోటు కదండి, కంగారు పెట్టకండి దాన్ని" అనేవారు.

చివరికి వెలిగింది. నల్ల తెర మీద పచ్చగా 'రెడీ' అని వచ్చింది. దాని కింద ఒక గడి ఆగకుండా మినుకుమంటోంది.

"అలా కన్నార్పుతందేంటండి?"

"మనం ఏం చెప్తామా అని చూస్తుందండి."

"నమస్కారమండి" అన్నారు ఆవిడ పెట్టెతో.

తేదీ చూస్తే నేను పుట్టకముందు ఏడాది చూపిస్తోంది. సరిచెయ్యబోయాను. "ఏ సంవత్సరంలో ఉందండి ఇది?" అని అడిగి, చెప్పగానే నవ్వారు. "అప్పటికి నాకు పెళ్ళై రెండేళ్ళండి. అక్కడే ఉంచెయ్యండి, సుఖంగా ఉంటది" అన్నారు. నేను ఒప్పుకోలేదు. లెక్క తప్పుతుందన్నాను.

ఆవిడ లెక్క ఇది. అమావాస్యకైనా పున్నమికైనా మా ఏట్లో పొద్దున్న తొమ్మిదింటికి నిండు పోటు. ఆ తర్వాత తిథికి రెండు గడియల చొప్పున ఆలస్యమవుతుంది. గడియంటే ఇరవైనాలుగు నిమిషాలు. అంతే. ఇంత చిన్న లెక్కకి ఇంత హడావుడా అనిపించింది. పంచాంగం చూసి ఏడాది అమావాస్యలూ పున్నములూ ఎక్కించాను. ఇవాళ్టి తేదీని బట్టి తిథి లెక్కేసుకుని వేళ చెప్పేలా ఒక్కో వరసా రాశాను. పది, ఇరవై, ముప్ఫై అని వరసలకి అంకెలు వేస్తుంటే మధ్యలో తొమ్మిది అంకెలు ఏమయ్యాయని అడిగారు. "తర్వాత ఏదన్నా గుర్తొస్తే మధ్యలో పెట్టుకోడానికి ఖాళీ అండి" అన్నాను. ఆ మాట ఆవిడకి ఎంతో నచ్చింది. "బుర్రలో కూడా దేవుడు అలా ఖాళీ ఉంచితే బాగుణ్ణండి" అన్నారు. వరస ఎలా రాయాలో, రాసినవి ఎలా చూడాలో పట్టుబట్టి నేర్చుకున్నారు. దానికి తెలుగు రాదంటే, మనవరాలు ఫోనులో రాసినట్టు ఇంగ్లీషు అక్షరాల్లోనే తెలుగు రాస్తానన్నారు.

పెట్టెతో కూడా అండీ తప్పేవారు కాదు. మీట నొక్కే ముందు "చెప్పండి" అనేవారు. అది వేళ చెప్పగానే "ఆయ్" అనేవారు. చూసినవాళ్ళు నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వుకున్నాను.

పది రోజులు కాకుండానే ఫోను చేశారు. "మీ పెట్టె పగలు నిజం చెప్తందండి, తెల్లారగట్ల అబద్ధం చెప్తంది."

నాకు బుర్ర తిరిగిపోయింది. ఒకటే లెక్క, ఒకటే పెట్టె. మధ్యాహ్నం అడిగితే నిమిషం తేడా లేదు. కోడి కూసే వేళ అడిగితే సరిగ్గా రెండు గడియలు తప్పు. బ్యాటరీ మార్చాను. లెక్క తిరగరాశాను. చలికి అలా చేస్తుందేమోనని ఒక పూట ఫ్రిజ్‌లో పెట్టి కూడా చూశాను. ఎవరికీ చెప్పకండి. చివరికి ఆవిడ వచ్చి నేను చేసేది చూస్తూ, "తిథి ఎప్పుడు మారుస్తందండి ఇది?" అని అడిగారు.

"రాత్రి పన్నెండింటికండి, తేదీ మారగానే."

"పన్నెండింటికి ఎవరు మేలుకునుంటారండి తిథి మార్చడానికి? పొద్దు పొడవాలి కదండి!"

నిజమే. మన ఇళ్ళలో రోజంటే సూర్యోదయం నుంచి సూర్యోదయం. తెల్లవారకముందు వచ్చే నీరు నిన్నటి తిథి నీరే. నాకు పంచాంగం ఎదురుగా ఉంది, చదువూ ఉంది. ఇది మాత్రం తట్టలేదు. సిగ్గుపడి దిద్దాను. ఆ రోజు నుంచి ఒక విషయం మనసులో గట్టిగా పడిపోయింది. పెట్టెకీ మామ్మగారికీ తేడా వస్తే తప్పు పెట్టెదే.

ఏడాదిన్నర అలా గడిచింది. మధ్యలో ఉగాదికి కొత్త పంచాంగం చూసి మళ్ళీ ఎక్కించాను. కిందటి భాద్రపదంలో వానలో తడుస్తూ వచ్చారు. "మళ్ళీ తప్పుతందండి. పోటు అయిదింటికి. ఇది నాలుగుంపావంటంది." నేను మారుమాట్లాడకుండా రెండు గడియలు కలిపాను. క్యాలెండరు నా నెత్తిమీదే గోడకి వేలాడుతోంది. తలెత్తి చూస్తే ఆవిడ ఏ తిథి అనుకుంటున్నారో అడిగేవాణ్ణి. చూడలేదు. పదిహేను రోజుల తర్వాత మళ్ళీ వచ్చి, ఇంకా రెండు గడియలు తక్కువ చెప్తోందన్నారు. మళ్ళీ కలిపాను. ఎందుకిలా అవుతోందో అర్థం కాలేదు గాని, వరదలప్పుడు ఏరు ఎవరి మాటా వినదు కదా అని సమాధానం చెప్పుకున్నాను. ఆవిడ సంతోషంగా వెళ్ళారు. ఆ సంతోషం చూసి నేనూ సంతోషించాను. నా తెలివి అక్కడికి సరిపోయింది.

ఇంకో పక్షం గడిచాక ఒక సాయంత్రం, "రండి, మన పెట్టె చెప్పిన వేళకి నీరెలా ఎక్కుద్దో చూద్దురుగాని" అని నన్ను ఏటి గట్టుకి తీసుకెళ్ళారు. అక్కడ ఒక చెరువు రైతు తూము దగ్గర ఉన్నాడు. నాకంటే పెద్దాయన, ఆవిడ మాట మీద ఎన్నో ఏళ్ళుగా తూము ఎత్తినవాడు. పెట్టె ఆరున్నర దాటాక నిండు పోటంది. మామ్మగారూ అదే చెప్పారు. పోటుకి గంట ముందు ఎత్తాలి కాబట్టి ఆయన అయిదున్నరకి తూము చెక్క పైకి లాగాడు.

మామ్మగారు గడ్డిపరక వేశారు. పరక చెరువులోకి రావాలి. అది గిర్రున తిరిగి ఏట్లోకి పోయింది. దాని వెనకాలే చెరువు నీరూ పోవడం మొదలెట్టింది. పోటు వచ్చి తిరిగిపోయి అప్పటికే అరగంటయింది. చెక్క తడిసి బిగుసుకుపోయింది. మేమిద్దరం కలిసి దాన్ని దించేసరికి జానెడు నీరు దిగిపోయింది. తూము వల చిరిగి ఉండటంతో కొత్తగా వదిలిన రొయ్యపిల్ల కూడా కొంత పోయింది.

"పర్లేదండి మామ్మగారూ. వరదనీరు కదండి, అలాగే ఉంటది" అన్నాడాయన రొప్పుతూ.

ఆవిడ ఆయన వంక చూడలేదు. పోయిన పరక వంకే చూస్తున్నారు. "ఇవాళ తిథేంటండి?" అన్నారు.

"ఆయ్... మీరు చెప్పిందేనండి."

"నేనేం చెప్పేను?"

ఆయన తలొంచుకున్నాడు. నేను ఫోను తీసి చూశాను. దశమి. చెప్పాను.

"నేను ద్వాదశి వేసుకున్నానండి" అన్నారు మామ్మగారు. రైతు వైపు తిరిగి, "ఎన్నాళ్ళనించండి?" అని అడిగారు.

ఆయన తడిచేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "రెండు నెలల్నించి కాస్త తేడా వస్తందండి. మీరు పెద్దోరు, ఎలా చెప్తామండి? మీ దగ్గర ఆయ్ అని, ఇంటికెళ్ళి ఫోన్లో చూసుకుంటన్నామండి అందరం. ఇవాళ మీరూ పెట్టే ఒకటే చెప్పేరు కదా అని నమ్మేనండి."

ఆ మాట నా గుండెలో దిగింది. ఆయన చెరువు దించింది మామ్మగారు కాదు, నేను. ఊరంతా గంగిరెద్దులా తలూపుతుంటే కాదన్నది ఆ పెట్టె ఒక్కటే. ఒకసారి కాదు, రెండుసార్లంది. రెండుసార్లూ నేను దాని తలా వంచేశాను.

మామ్మగారు గట్టు మీద కూర్చుండిపోయారు. ఏడవలేదు. "అందరూ ఆయ్ అన్నారండి. ఇదొక్కటే కాదంది. దాని నోరు కూడా మూయించేం మనం" అన్నారు. తర్వాత నావైపు తిరిగి, "ఎందుకు తెప్పించేననుకున్నారండి దీన్ని? రెండు మూడేళ్ళనించే నాకు అనుమానమండి. పొయ్యి మీద ఎసరు పెట్టి మర్చిపోతన్నాను. కోడలి పేరు నోటికి రాట్లేదు. మనుషులు నాకు తప్పు చెప్పరండి. ఇదైతే మొహమాటపడదు కదా అని" అన్నారు.

ఆ లెక్కని అక్కడే, ఆ గట్టు మీదే మొదటి స్థితికి తెచ్చాను. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కాను. ఆవిడ నా చేత మాట తీసుకున్నారు. "మళ్ళీ వస్తానండి మీ దగ్గరికి. తప్పు చెప్తందని గట్టిగా చెప్తాను. తిడతాను కూడా. నేను చెప్పినా మార్చకండి."

"మార్చనండి" అన్నాను. ఆ రోజు ఆయ్ అనలేదు.

అన్నట్టే వచ్చారు, మార్గశిరంలో. పెట్టె బల్ల మీద పెట్టి, తప్పుతోంది, రెండు గడియలు కలపమన్నారు. నేను క్యాలెండరు చూపించాను. గట్టు మీద సంగతి గుర్తుచేశాను. ఆవిడ కళ్ళలోకి అదేమీ రాలేదు. నేనెవరో మాత్రం బాగా గుర్తుంది.

"నీకేం తెలుసు పోటు గురించి? నిన్నగాక మొన్న పుట్టేవు. మార్చు!" అన్నారు.

పెట్టెతో కూడా మీరు అని మాట్లాడే మనిషి. నన్ను నువ్వన్నారు. షాపులో నలుగురున్నారు. అందరూ నావైపే చూస్తున్నారు, పెద్దావిడ అడిగినట్టు చేసేస్తే ఏం పోయిందన్నట్టు. ఉత్తుత్తినే రెండు మీటలు నొక్కి "మార్చేశానండి" అంటే నవ్వుకుంటూ వెళ్ళిపోయేవారు. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది. "మార్చనండి" అన్నాను. ఆవిడ పెట్టె తీసుకుని, గొడుగు నా షాపులోనే మర్చిపోయి వెళ్ళిపోయారు. మాట నిలబెట్టుకున్నానో, ఒక ముసలావిణ్ణి నలుగురిలో చిన్నబుచ్చానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. గొడుగు ఇవ్వడానికి వెళ్తే లోపలినుంచి రాలేదు. మాఘంలో పోయారు.

పదకొండింటికి పెట్టె వెలిగింది. 'రెడీ' అంది. లెక్క నడిపాను. నడవలేదు. నలభై అయిదో వరస దగ్గర తప్పుంది, నాకు అర్థం కాలేదు అని చూపించి ఆగిపోయింది.

నేను నలభై అయిదో వరస రాయలేదు. నలభై రాశాను, యాభై రాశాను. వరసలన్నీ తెర మీదికి తెచ్చి చూశాను. నలభైకీ యాభైకీ మధ్య ఖాళీలో, ఇంగ్లీషు అక్షరాల్లో, అచ్చు తెలుగులో ఉంది.

'అబ్బాయిని తిట్టేనండి. అయినా మార్చలేదండి. మంచిదండి.'

పెట్టెకి చెప్పుకున్నారు. ఏ పూట, ఏ తిథి నాడు ఆవిడకి తెలివొచ్చిందో, ఆ వక్కపలుకుల మీటలు ఒక్కొక్కటీ వెతుక్కుని ఎంతసేపు రాశారో అందులో లేదు. ఆ వరస లెక్క కాదు కాబట్టి పెట్టెకి అర్థం కాలేదు. అర్థం కాక అప్పటినుంచీ పోటు చెప్పడం మానేసింది. నేను తెర ముందు కూర్చుని ఏడ్చాను. జిరాక్సులకి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే వెనక్కి వెళ్ళిపోయారు.

ఆ వరస తీసేస్తే పెట్టె బాగవుతుంది. ఒక్క మీట పని. చెయ్యి దానిదాకా వెళ్ళింది గాని, నొక్కలేకపోయాను.

సాయంత్రం ఆ చెరువు రైతు ఆధార్ కాపీ కోసం వచ్చాడు. బల్ల మీద పెట్టెని చూసి గుర్తుపట్టాడు. "మామ్మగారిది కదండి. ఇవాళ పోటెప్పుడంటందండి?"

గోడ మీద క్యాలెండరు చూశాను. ఏకాదశి. వేళ్ళు ముడిచి లెక్కపెట్టాను. తిథికి రెండు చొప్పున ఇరవైరెండు గడియలు, తొమ్మిది నుంచి. రెండుసార్లు తప్పి, మూడోసారికి వచ్చింది.

"అయిదూ నలభై ఎనిమిదండి."

"ఆయ్" అన్నాడాయన, కాపీ మడిచి జేబులో పెట్టుకుంటూ.

"అలా ఆయ్ అనకండి. ఫోన్లో చూడండి. తప్పయితే తప్పని చెప్పండి" అన్నాను. నా గొంతు కాస్త పెద్దదైంది.

ఆయన బిత్తరపోయి ఫోను తీశాడు. కాకినాడ వేళకి మనసులో అరగంట కలుపుకున్నాడు. నా మొహం చూశాడు, మళ్ళీ ఫోను చూశాడు, నేల చూశాడు.

"పది నిమిషాలు తప్పేరండి" అన్నాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది.